తలుపు వైపు పదకొండుసార్లు

ఆ వేసవిలో ఆరు వారాలపాటు నా పని, ఆసుపత్రిలో ఒక పసిపిల్ల మంచం పక్కన కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉండటం.

"చెయ్యకుండా ఉండటం సులువనుకోకు," అంది మేడం, నల్ల అట్ట పుస్తకం ఒకటి నా చేతిలో పెడుతూ. "పిల్లని ఎత్తుకోకూడదు. ఊరుకోబెట్టకూడదు. వాళ్ళమ్మతో గానీ నర్సులతో గానీ కబుర్లు పెట్టుకోకూడదు. ఐదు నిమిషాలకోసారి చూసింది చూసినట్టు రాయాలి. నువ్వేమనుకున్నావో నాకక్కర్లేదు."

మేడం పిల్లల మనసుల డాక్టరు. అరవై దాటిన మనిషి. పెద్దయ్యాక మనం ఎలాంటి మనుషులమవుతామో ఐదేళ్ళలోపే చాలావరకు తేలిపోతుందని, పసితనంలో దిగమింగిన దుఃఖం అరగదని, అది తర్వాతెప్పుడో వేరే వేషం వేసుకుని బయటికొస్తుందని ఆవిడ నమ్మకం. నేను ఆవిడ దగ్గర పరిశోధనకి చేరాను. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి.

ఆవిడకో పద్ధతి ఉండేది. పిల్లల్ని గమనించడానికి వెళ్ళేవాళ్ళు ముందు తమ చిన్నతనం గురించి నాలుగు పేజీలు నింపివ్వాలి. మొదటి జ్ఞాపకం ఏమిటి, ఎవరెవరు పెంచారు, ఎవరంటే భయం, ఎవరి కోసం ఏడ్చేవారు... నేను పావుగంటలో నింపేశాను. సగం ప్రశ్నలకి 'ప్రత్యేకంగా ఏమీ లేదు' అనే రాశాను. ఒక్కచోట మాత్రం, 'అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు కొన్నాళ్ళు పిన్ని దగ్గర ఉన్నాను' అని రాశాను.

మేడం కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చదివింది.

"ఇంత ఏమీ లేని చిన్నతనం నా సర్వీసులో చూడలేదమ్మాయ్. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు?"

"తెలీదండి."

"అడుగు మీ అమ్మని."

అడుగుతానన్నాను. అడగలేదు.

ఇంట్లో మేమిద్దరమే, అమ్మా నేనూ. నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని చేసి రిటైరైంది. అయినా వారానికోసారి ఇంటికి కాగితాల కట్టలు వచ్చేవి. ముందుగదిలో కిటికీ కింద బల్ల ముందు కూర్చుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని, పెదాలు కదలకుండా చదివేది. నేను వచ్చేసరికి టీ ఫ్లాస్కులో ఉండేది. నేను లేచేసరికి నా బట్టలు ఇస్త్రీ అయి ఉండేవి. ఎప్పుడూ మాటా మాటా అనుకున్నది లేదు. పక్కవాటాలో తల్లీకూతుళ్ళు రోజూ జుట్లు పట్టుకున్నంత పని చేసేవాళ్ళు. ఆ తల్లి మా అమ్మతో, "మీ ఇద్దర్నీ చూసి నేర్చుకోవాలండీ మేము" అనేది. అమ్మ నవ్వి ఊరుకునేది.

నాకు ఎవరి అవసరమూ పెద్దగా ఉండేది కాదు. అది నా గొప్పతనమే అనుకునేదాన్ని. అంతకు రెండేళ్ళ ముందు ఒకతను నన్ను పెళ్ళి చేసుకుందామని ఏడాదిపాటు ఇంటికి వస్తూ పోతూ ఉండి, ఒకరోజు, "నీతో ఎంతసేపు ఉన్నా ముందుగదిలో కూర్చోబెట్టినట్టే ఉంటుంది. లోపలికి రమ్మని ఎప్పుడంటావు?" అన్నాడు. నాకా మాట అర్థం కాలేదు. అతను మళ్ళీ రాలేదు. మూడో రోజుకే నేను మామూలుగా ఉన్నానని గుర్తు.

నేను గమనించాల్సిన పిల్ల వయసు రెండేళ్ళ మూడు నెలలు. మేడ మెట్ల మీంచి పడి తొడ ఎముక విరిగింది. కాలికి కట్టు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీశారు. ఆరు వారాలు అలా పడుకునే ఉండాలి. గొంతు సన్నంగా ఉందని నర్సులు గువ్వ అని పేరు పెట్టారు. వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. ముంజేతి మీద వరసగా పాత కాలిన మచ్చలు. చేర్చిన రోజు ఆవిడ మంచం కమ్మీ పట్టుకుని వదలకపోతే, వార్డు పెద్ద సిస్టరు వచ్చి ఒక్కొక్క వేలూ విడదీసింది.

"ఆదివారం నాలుగు నుంచి ఐదు. రూలు అందరికీ ఒకటే," అంది పెద్ద సిస్టరు. "మీరు రోజూ వస్తే మీ పిల్ల రోజూ ఏడుస్తుంది. అది ఏడిస్తే మిగతా పదిహేడు మందీ అందుకుంటారు. కచేరీ పెట్టుకోడానికా నాకీ వార్డు?"

పెద్ద సిస్టరు చెడ్డ మనిషి కాదు. పద్దెనిమిది మంది పిల్లల్లో ఏ ఒక్కరి దుప్పటి జారినా ఆవిడకి వీపు వెనక నుంచి కూడా కనిపించేది. నన్ను చూసి మాత్రం, "ఈవిడెవరమ్మా, బొమ్మల కొలువులో బొమ్మలాగా! ఊపిరైనా తీసుకోనిస్తారా, దానికీ మీ మేడం పర్మిషన్ కావాలా?" అనేది.

మొదటి నాలుగు రోజులు గువ్వ అరిచింది. గొంతు బొంగురుపోయే దాకా "అమ్మా" అని అరిచింది. పక్కనే ఉన్న నన్ను చూసి చేతులు చాపింది. నేను గడియారం చూసి రాసుకున్నాను. 'పది ఇరవై. రెండు చేతులూ నా వైపు చాపింది. పది ఇరవై ఐదు. చేతులు దించింది.' ఐదో రోజు అరుపు తగ్గింది. పాలు తాగకుండా తల పక్కకి తిప్పేది. దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని కప్పు వైపు చూసేది. పదో రోజుకి అదీ పోయింది. పాలు తాగింది. ఏ నర్సు వచ్చినా నవ్వింది. సూది వేసినా కిక్కురుమనలేదు.

"చూశారా, ఎంత బంగారుతల్లో! అలవాటైపోయింది," అంది పెద్ద సిస్టరు.

మేడంకి ఆ మాట చెప్పాను. "అరిచే పిల్ల కోసం మనం కంగారు పడనక్కర్లేదు," అంది. "అమ్మ వస్తుందని ఇంకా నమ్ముతోంది కాబట్టే అరుస్తోంది. నమ్మకం పోయాక మంచిపిల్ల అవుతుంది. అందరికీ నచ్చుతుంది, ఎవరినీ అంటుకోదు. ఆ మంచితనమే నాకు భయం."

నా చేతిరాత మేడంకి అర్థమయ్యేది కాదు. వారం వారం నోట్సు శుభ్రంగా తిరగరాసి ఇవ్వమంది. తిరగరాస్తే తప్పులు దొర్లుతాయి. మా ఇంట్లోనే ఉంది తప్పులు పట్టే మనిషి.

"అమ్మా, ఇవి కొంచెం చూసి పెడతారా? తొందరేం లేదు," అన్నాను, మొదటి వారం కాగితాలు బల్ల మీద పెట్టి.

"పెట్టు, చూస్తాను," అంది అమ్మ.

మర్నాడు పొద్దున కాగితాలు నా సంచి పక్కన ఉన్నాయి. ఒత్తులు, దీర్ఘాలు, ఒకచోట తారీఖు. అంతే. పిల్ల గురించి ఒక్క మాట అడగలేదు. రెండో వారమూ అంతే. కాకపోతే ఆ రెండో వారం అమ్మ దిద్దవలసిన పుస్తకం కట్ట విప్పకుండా అలాగే ఉండటం గమనించాను. ఎండలకి అలసిపోయిందేమో అనుకున్నాను.

మూడో ఆదివారం గువ్వ వాళ్ళమ్మ కాస్త ముందే వచ్చి, తలుపు బయట నిలబడి, గడియారం నాలుగు కొట్టగానే దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు తడిపి దువ్వుకుంది. కొత్త గౌను ఒకటి తెచ్చింది.

"బంగారూ, నేనమ్మా... అమ్మని," అంది వంగి.

గువ్వ ఆవిణ్ణి చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆవిడ అటుపక్కకి వెళ్ళింది. పిల్ల ఇటు తిరిగింది. ఆవిడ గౌను చూపించింది, పాట పాడింది, బుగ్గ మీద వేలితో రాసింది. గంటసేపూ పిల్ల ఆవిడ మొహం చూడలేదు. ఐదింటికి ఆవిడ లేచి, నా వైపు తిరిగి, "నన్ను మర్చిపోయిందాండీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పకూడదు. పుస్తకంలోకి చూశాను. ఆవిడ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను రాసింది ఇది: 'తల్లిని గుర్తుపట్టలేదు. తల్లి వెళ్ళిన తర్వాత అరగంటలో తలుపు వైపు పదకొండుసార్లు చూసింది. ఏడవలేదు.'

బుధవారం పొద్దున నేను తల దువ్వుకుంటూ సంచి పక్కనున్న కాగితాలు తీసి చూశాను. ఒత్తులు, దీర్ఘాలు, మామూలే. మూడో కాగితంలో 'గుర్తుపట్టలేదు' అన్న మాట అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన మార్జిన్‌లో అమ్మ గుండ్రటి అక్షరాల్లో 'గుర్తుపట్టింది' అని ఉంది.

అమ్మ ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దింది. రచయిత రాసింది ఎంత తలతిక్కగా ఉన్నా, విషయం జోలికి పోయేది కాదు. మనది అచ్చుతప్పుల వరకే అనేది.

ముందుగదిలోకి వెళ్ళాను. అమ్మ కిటికీ తెర లాగుతోంది. ఎండ అప్పుడే బల్ల మీదికి వచ్చేసింది.

"అమ్మా, ఇదేంటి?"

కాగితం చూడకుండానే, "తప్పు రాశావు," అంది.

"నేను అక్కడే ఉన్నానమ్మా. గంటసేపు చూశాను. గుర్తుపట్టలేదు."

"గుర్తుపట్టని మనిషి కోసం తలుపు వైపు పదకొండుసార్లు చూస్తారా ఎవరైనా?"

అమ్మ తెర వదిలేసి కుర్చీలో కూర్చుంది. పెన్సిలు చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పటికీ అడగననిపించింది.

"మీకు ఒంట్లో బాగాలేనప్పుడు నేను పిన్ని దగ్గర ఎన్నాళ్ళున్నాను?"

"పద్నాలుగు నెలలు," అంది వెంటనే. ఎవరైనా అడుగుతారేమోనని ఎన్నో ఏళ్ళుగా సిద్ధంగా పెట్టుకున్నట్టు చెప్పింది. "క్షయ. ఆసుపత్రిలో ఉంచారు, పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు అక్కడికి. వెళ్ళేటప్పుడు నీకు రెండేళ్ళు దాటాయి. తిరిగొచ్చేసరికి మూడున్నర."

"నేను ఏడ్చానా?"

"నేను వెళ్ళిన వారమంతా ఏడ్చావట. పిన్ని చెప్పింది. తర్వాత మానేశావట." పెన్సిలుని బల్ల మీద అటూ ఇటూ దొర్లించింది. "వచ్చిన రోజు దారి పొడుగునా భయపడుతూనే ఉన్నాను, నన్ను చూసి ఎంత ఏడుస్తావో, ఎలా ఊరుకోబెట్టాలో అని. నువ్వు పిన్ని పక్కన నిలబడి ఉన్నావు. నన్ను కింద నుంచి పైదాకా చూశావు. చూసి, కుర్చీ చూపించి, 'మీరు కూర్చోండి' అన్నావు."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"అందరూ పడీ పడీ నవ్వారు. ఎంత మర్యాదో పిల్లకి, పిన్ని ఎంత బాగా పెంచిందో అన్నారు. నేనూ నవ్వాను. నవ్వి కూర్చున్నాను. అలవాటవుతుందిలే, మీద పడి పిల్లని బెదరగొట్టకు అని పెద్దవాళ్ళు చెప్పారు. సరే, బెదరగొట్టకూడదు అనుకున్నాను. ఇప్పటిదాకా మీరనే అంటున్నావు. నేనూ బెదరగొట్టలేదు."

ఆ మాట నిజమే. పిన్నిని నువ్వనేదాన్ని. నాన్ననీ నువ్వనేదాన్ని. అమ్మని మీరనేదాన్ని. ఎవరైనా అడిగితే గౌరవం అనేదాన్ని.

"ఆ రోజు కాసేపయ్యాక వంటగదిలోకి వెళ్ళిపోయాను," అంది అమ్మ. "నువ్వు మర్చిపోయావనే అనుకున్నాను. మొన్న నీ నోట్సు చదివేదాకా అదే అనుకున్నాను. నేను లోపలికి వెళ్ళాక నువ్వు నా వైపు ఎన్నిసార్లు చూశావో, అసలు చూశావో లేదో... పుస్తకం పెట్టుకుని రాసుకున్నవాళ్ళు ఎవరున్నారు అక్కడ?"

దగ్గరికి వెళ్ళాలనిపించింది. ఎలా వెళ్ళాలో నా కాళ్ళకి తెలియలేదు. అమ్మే లేచి, "టైమవుతోంది. బస్సు పోతుంది," అంది. నేను సంచి తీసుకుని బయల్దేరాను. బస్సులో కూర్చున్నాక చూస్తే దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు మేమా మాట ఎత్తలేదు. అంతకుముందు ఆ ఇంట్లో నిశ్శబ్దం నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు అమ్మ గిన్నె పెట్టిన చప్పుడుకీ, చెప్పులు విడిచిన చప్పుడుకీ చెవులు రిక్కించేదాన్ని. పలకరిద్దామని గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చేసేదాన్ని. నోట్సు మాత్రం ప్రతివారం అమ్మ బల్ల మీద పెట్టాను. ప్రతివారం దిద్ది ఇచ్చింది. ఐదో వారం కాగితాల చివర, ఎర్ర పెన్సిలుతో కాకుండా మామూలు పెన్సిలుతో, 'ఈ వారం తల్లి ఎందుకు రాలేదు?' అని ఉంది. దాని కింద, 'లాండ్రీలో సెలవు ఇవ్వలేదట' అని రాసి మళ్ళీ బల్ల మీద పెట్టాను. అదే మా మాటలు.

గువ్వని ఇంటికి పంపించే రోజు శుక్రవారం. బరువు తీసేశారు. కట్టు విప్పేశారు. ఇంకో నెల నడిపించవద్దని, ఎత్తుకునే తిప్పమని డాక్టరు చెప్పాడు. గువ్వ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని, ఒక చెక్కబొమ్మని దుప్పటి కింద పెట్టి తీస్తోంది.

వాళ్ళమ్మ వచ్చింది. ఈసారి పరుగెత్తలేదు. మెల్లగా వచ్చి, రెండడుగుల దూరంలో ఆగి, చేతులు చాపింది.

గువ్వ పెద్ద సిస్టరు వైపు రెండు చేతులూ ఎత్తి, "సిట్టల్," అంది.

పెద్ద సిస్టరు నవ్వబోయి ఆగిపోయింది. వాళ్ళమ్మ చేతులు కిందికి దిగాయి. ఆవిడ మొహంలో ఏడుపు లేదు, మర్యాద ఉంది. "పోనీలెండి సిస్టర్," అంది. "బెదిరినట్టుంది. మీరే ఎత్తుకుని గేటు దాకా తీసుకురండి. నేను బయట కూర్చుంటాను."

వెనక్కి తిరిగింది. తలుపు దాకా వెళ్ళింది.

"వెళ్ళకండి," అన్నాను.

ఆరు వారాల్లో ఆ గదిలో నేను అన్న మొదటి మాట అది. పెద్ద సిస్టరు ఉలిక్కిపడింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పుస్తకం కుర్చీలో పెట్టి లేచాను.

"మిమ్మల్ని మర్చిపోలేదండి. కోపం వచ్చింది, అంతే. మీరు వెళ్ళిపోయారని కోపం. మీరు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ తలుపు వైపు చూస్తూనే ఉంది. నేను రాసుకున్నాను, కావాలంటే చూపిస్తాను. ఇప్పుడు మీరు బయటికి వెళితే మళ్ళీ వెళ్ళిపోయారనుకుంటుంది. తిప్పుకోనివ్వండి మొహం. కొట్టినా కొట్టనివ్వండి. ఇక్కడే కూర్చోండి."

"ఎంతసేపు?" అంది ఆవిడ.

"నాకు తెలీదు," అన్నాను. నిజంగానే తెలీదు.

ఆవిడ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. పెద్ద సిస్టరు నన్నొకసారి, ఆవిణ్ణొకసారి చూసింది. మిగతా మంచాలకీ ఆ మంచానికీ మధ్య తెర లాగి, "ఏడుపు గనక మొదలైతే ఈ వార్డులో నేను లేను. స్టోర్ రూములో ఉన్నాను," అని వెళ్ళిపోయింది.

పది నిమిషాలు గువ్వ బొమ్మతో ఆడుకుంది. తర్వాత బొమ్మ కింద పడేసింది. వాళ్ళమ్మ తీసి ఇచ్చింది. మళ్ళీ పడేసింది. మళ్ళీ ఇచ్చింది. మూడోసారి పడెయ్యలేదు, వాళ్ళమ్మ మొహానికేసి విసిరింది. కనుబొమ మీద తగిలింది. ఆవిడ కదల్లేదు. "కొట్టమ్మా," అంది. "కొట్టు. నేనే వదిలేసి వెళ్ళాను."

గువ్వ చేతికి అందినంత వరకూ ముందుకు వంగి, వాళ్ళమ్మ జుట్టు గుప్పిట్లో పట్టుకుని లాగింది. తర్వాత చెంప మీద కొట్టింది. కొడుతూ కొడుతూ ఉండగా పెదవి వంకర తిరిగింది. ఒక్క క్షణం చప్పుడే లేదు, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. మొదటి నాలుగు రోజుల్లో కూడా నేను అంత ఏడుపు వినలేదు. పదిహేడు మందీ అందుకున్నారు. వార్డంతా హోరెత్తిపోయింది. స్టోర్ రూము తలుపు తెరుచుకోలేదు.

వాళ్ళమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ఆవిడ మెడని రెండు చేతులా పట్టుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు, ఏడుస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. "ఆరు వారాల పని పాడు చేశానండి," అన్నాను.

"చేశావు," అంది మేడం. "చివరి రోజుది లెక్కలోకి రాదు. చూసేదానివి చూస్తూ ఉండాలి, మధ్యలో దూరకూడదు." కాగితాలు తిరగేసి, "అయినా రాయి. నువ్వేమన్నావో కూడా రాయి," అంది. నేను మొదట నింపిన నాలుగు పేజీల ఫారం సొరుగులోంచి తీసి నా ముందుకి తోసింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. కిటికీ తెర తీసి ఉంది. అమ్మ బల్ల ముందు కూర్చుని చదువుతోంది. నేను చెప్పులు విప్పుతుంటే తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పిల్లని ఇవాళ పంపించారా?"

"పంపించారు."

"తల్లిని చూసి ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"ఎంతసేపు?"

"గంట పైనే. బస్టాపు దాకా వినిపిస్తూనే ఉంది."

అమ్మ పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది.

"అదృష్టవంతురాలు," అంది. తల్లినో, పిల్లనో చెప్పలేదు.

నేను లోపలి గదికి వెళ్ళలేదు. ఇంకో కుర్చీ లాక్కుని అమ్మ పక్కన, బల్ల ముందు కూర్చున్నాను. అమ్మ చదవడం మానలేదు. కాసేపయ్యాక, కళ్ళు కాగితం మీంచి తీయకుండానే, ఎడం చేత్తో ప్రూఫుల కట్టని పక్కకి జరిపి, నా మోచేతికి చోటు చేసింది.